1896 ఒలింపిక్స్ ట్రాక్ మీద మనలాంటివాళ్ళు పతకం కొట్టేవాళ్ళమా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: ఈమధ్య 300 కి.మీ. బ్రెవేను (గడువులోపు ముగించాల్సిన దూరపు సైకిల్ ప్రయాణం) 13 గంటల్లో పూర్తి చేశారు. తర్వాత ఎక్కడో చదువుతుంటే, 1896 ఏథెన్స్ ఒలింపిక్స్‌లో ట్రాక్ మీద 12 గంటల సైకిల్ రేసు పెట్టారని, గెలిచినాయన 315 కి.మీ. తొక్కాడని కనబడింది. అంటే గంటకు 26 చిల్లర. "ఇంతేనా? అప్పట్లో పుట్టుంటే నేనూ పతకం కొట్టేవాణ్ణా? వాళ్ళు నిజంగా అంత నెమ్మదా?" అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే: 12 గంటల రేసులో మీకు కొంత ఆశ ఉండేది. మిగతా నాలుగు ట్రాక్ రేసుల్లో ఉండేది కాదు. ఆ 12 గంటల్లో కూడా స్వర్ణం మాత్రం వచ్చేది కాదు. ఎందుకంటే ఆ ఏడాది స్వర్ణమే లేదు. మొదటివాడికి వెండి పతకం, ఆలివ్ కొమ్మ. రెండోవాడికి కంచు పతకం. మూడోవాడు ఉత్త చేతులతో ఇంటికి.

నేను చాలా ఏళ్ళు ట్రాక్ మీద రేసులు తొక్కాను. ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను, మీట్లు జరిగితే స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంటాను. టైమింగులు రాయడమే పని కాబట్టి చెబుతున్నాను, ట్రాక్‌లో టైమింగ్ ఒక్కటే చూసి మనిషి బలం తూచడమంటే, కబడ్డీలో కూతకెళ్ళినవాడు ఎన్ని అడుగులు వేశాడో లెక్కపెట్టి వాడి ఆట తేల్చడం లాంటిది. ముందు ఆ రేసు ఏమడిగిందో చూడాలి.

దీనికి 1896లోనే మంచి ఉదాహరణ ఉంది. పాల్ మాసన్ అనే ఫ్రెంచి కుర్రాడు ఏప్రిల్ 11న, ఒకే రోజు, ఒకే ట్రాక్ మీద మూడు రేసులు గెలిచాడు. ఆ మూడు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క చుట్టు టైమ్ ట్రయల్ (ఒంటరిగా గడియారంతో పోటీ), 333.33 మీటర్లు: 24.0 సెకన్లు. అంటే గంటకు 50 కి.మీ. 10 కి.మీ. రేసు: 17 నిమిషాల 54.2 సెకన్లు, గంటకు 33.5 కి.మీ. ఇక 2 కి.మీ. స్ప్రింట్: 4 నిమిషాల 58.2 సెకన్లు. లెక్కేస్తే గంటకు 24 కి.మీ.!

ఇంకోసారి చదవండి. 2 కి.మీ. స్ప్రింట్ గెలిచినవాడి సగటు వేగం, పొద్దున్నించి సాయంత్రం దాకా తొక్కి 12 గంటల రేసు గెలిచినవాడి సగటు కంటే తక్కువ. ఆ స్ప్రింట్ గెలిచినవాడే కాసేపటి తేడాలో గంటకు 50 తొక్కగలిగినవాడు. మరి ఎక్కడికి పోయింది ఆ బలం?

గాలికి పోయింది. నిజానికి గాలికి పోకుండా దాచుకున్నాడు. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకుంటూ పోవాలి. వాడి చక్రం పట్టుకుని వెనక ఉన్నవాడు అంతే వేగంతో, చాలా తక్కువ శ్రమతో వస్తాడు. అందుకే స్ప్రింట్‌లో ఎవడూ ముందుండడానికి ఇష్టపడడు. నువ్వు పో అంటే నువ్వు పో అన్నట్టు దాదాపు నడక వేగంతో తిరుగుతారు, ఒక్కోసారి పూర్తిగా ఆగి నిలబడతారు. రేసంతా చివరి 200 మీటర్లలో. ఇప్పటికీ స్ప్రింట్‌లో గొప్పగా చెప్పుకునే టైమ్ ఆ 200 మీటర్లదే. ఇద్దరూ ఆగిపోయి పొద్దుగూకేదాకా ఉండిపోతారేమోనని ఇప్పుడు నిబంధన కూడా ఉంది: రేసుకు రెండుసార్లకు మించి ఆగకూడదు, ఆగినా 30 సెకన్లకు మించకూడదు.

ఇది నేను పుస్తకం చదివి నేర్చుకోలేదు. నా మొదటి రాష్ట్ర స్థాయి మీట్‌లో స్ప్రింట్ హీట్ (తొలి రౌండు రేసు) పడింది. నా పక్కన నాకంటే పదేళ్ళు పెద్దాయన, కొంచెం పొట్ట కూడా ఉంది. విజిల్ వేయగానే నేను ఉన్న బలమంతా పెట్టి లాగేశాను. రెండు చుట్లు నేనే ముందు. వెనక్కి చూస్తే ఆయన నా చక్రానికి జానెడు దూరంలో, నోరు కూడా తెరవకుండా వస్తున్నాడు. చివరి మలుపు తిరుగుతుంటే నా కుడివైపు సిమెంటు మీద ఒక నీడ మెల్లగా ముందుకు జరిగింది. అంతే. గీత దాటేసరికి నాకూ ఆయనకూ మధ్య రెండు సైకిళ్ళ ఖాళీ. ఆరోజు హీట్లన్నిట్లోకీ మాదే వేగమైన టైమ్, అది నా పుణ్యమే, కానీ ఇంటికెళ్ళింది నేను. మా కోచ్ సార్ టవల్ అందిస్తూ "బాగా మోసుకెళ్ళి దింపావురా ఆయన్ని" అన్నారు.

ఈ నెమ్మది వ్యవహారం చూసి ఒళ్ళు మండినవాళ్ళు అప్పట్లోనూ ఉన్నారు. 1908 లండన్ ఒలింపిక్స్ నిర్వాహకులు 1000 మీటర్ల స్ప్రింట్‌కు గడువు పెట్టారు: 1 నిమిషం 45 సెకన్లలో ముగించాలి, లేదంటే రేసు చెల్లదు. ఫైనల్లో నలుగురు. ముగ్గురు బ్రిటిష్ వాళ్ళు: విక్టర్ జాన్సన్, క్లారెన్స్ కింగ్స్‌బరీ, బెన్ జోన్స్. ఒక ఫ్రెంచివాడు, మారిస్ షిల్. జాన్సన్‌కు, కింగ్స్‌బరీకి పంక్చర్లు. మిగిలిన ఇద్దరూ ఒకరినొకరు కనిపెట్టుకుంటూ తిరిగి తిరిగి, చివర్లో దూకారు. షిల్ అంగుళాల తేడాతో ముందు గీత దాటాడు. గడియారం చూస్తే గడువు దాటిపోయింది. రేసు రద్దు. మళ్ళీ పెట్టనూ లేదు, పతకాలు ఇవ్వనూ లేదు. ఒలింపిక్ రికార్డుల్లో ఆ ఏడాది స్ప్రింట్ విజేత గడి ఇప్పటికీ ఖాళీ. స్టాప్‌వాచ్ పట్టుకునేవాణ్ణి కాబట్టి నిర్వాహకుల తరఫున మాట్లాడాలనిపిస్తుంది కానీ, నా ఓటు షిల్‌కే. స్ప్రింట్‌కు గడువు పెట్టినవాళ్ళకు ఆ ఆట తెలియదు. షిల్ మాత్రం ఉత్త చేతులతో పోలేదు లెండి, ఆంద్రే ఓఫ్రేతో కలిసి టాండెమ్ (ఇద్దరు తొక్కే సైకిల్) రేసు గెలిచాడు.

ఇప్పుడు మీరడిగిన 12 గంటల సంగతి.

ఏథెన్స్ దగ్గర సముద్రం పక్కన నియో ఫాలిరోలో ఆ ఒలింపిక్స్ కోసమే కట్టిన ట్రాక్ అది. కోపెన్‌హాగెన్ ట్రాక్‌ను చూసి కట్టారు. (తర్వాత అదే స్థలంలో ఫుట్‌బాల్ స్టేడియం వచ్చింది, ఇప్పటి కరైస్కాకిస్ స్టేడియం.) ఏప్రిల్ 13, ఉదయం 5 గంటలకు మొదలు, సాయంత్రం 5కి ముగింపు. చలి, గాలి. బయలుదేరినవాళ్ళలో చివరిదాకా ట్రాక్ మీద మిగిలింది ఇద్దరే: ఆస్ట్రియా అడాల్ఫ్ ష్మాల్, బ్రిటన్ ఫ్రాంక్ కీపింగ్. ష్మాల్ 314.997 కి.మీ., కీపింగ్ 314.664. చుట్లలోకి మారిస్తే 945, 944. పన్నెండు గంటల తర్వాత తేడా ఒక్కటంటే ఒక్క చుట్టు.

ఈ ఒక్క చుట్టే చెబుతుంది ఆ రేసు ఎలాంటిదో. ఒకసారి ప్రత్యర్థిని చుట్టు వెనక పడేశాక, ఇంకా వేగంగా తొక్కాల్సిన పని లేదు. వాడి చక్రం వదలకుండా అంటుకుని ఉంటే చాలు. వాడు నెమ్మదిస్తే నువ్వూ నెమ్మదించు, వాడు లాగితే నువ్వూ లాగు. ఇద్దరే మిగిలాక 26 అయినా 30 అయినా పతకం అదే. కాబట్టి 315 అనేది ష్మాల్ శరీరం ఇవ్వగలిగినదాని హద్దు అనుకోకండి, ఆరోజు గెలవడానికి సరిపోయిన దూరం. పైగా ఆయన రెండు రోజుల ముందు టైమ్ ట్రయల్‌లోనూ 10 కి.మీ.లోనూ మూడో స్థానంలో వచ్చాడు, అదే ఒలింపిక్స్‌లో కత్తిసాములో కూడా దిగాడు.

ఇక మీ బ్రెవేతో పోలిక. మీది 13 గంటల్లో 300, టీ, ఇడ్లీ, పంక్చర్ అన్నీ కలుపుకుని గంటకు 23. ఆయనదీ ఆగుళ్ళతో కలిపే. మీకు ఇంకో మూడు కి.మీ. వేగం కావాలి. సరే, అది సాధించొచ్చు. కానీ ఆ సైకిల్‌కు ఫ్రీవీల్ లేదు. ట్రాక్ సైకిల్ అంటే ఫిక్స్‌డ్ గేర్: చక్రం తిరిగినంతసేపూ కాలు తిరగాల్సిందే. మీరు దిగుడులో కాళ్ళు ఆపి నీళ్ళు తాగుతారు చూడండి, ఆ సుఖం అక్కడ లేదు. దిగుడే లేదు.

దీని రుచి ఎలా ఉంటుందో తెలుసుకుందామని ఒకసారి పిచ్చి పని చేశాం. 2002 జాతీయ క్రీడలకు ఉస్మానియా యూనివర్సిటీలో కట్టిన వెలోడ్రోమ్ (సైకిల్ రేసుల ట్రాక్) ఉంది కదా, అక్కడే ఒక డిసెంబర్ ఆదివారం నలుగురం కలిసి ఆరు గంటలు తిరుగుదామనుకున్నాం. పన్నెండు కాదు, అందులో సగం. అందరం ఇరవైల్లో ఉన్నాం, రోజూ తొక్కేవాళ్ళమే. వంతులేసుకుని ముందు లాగాం.

మొదటి గంట సరదా. రెండో గంటలో జోకులు ఆగిపోయాయి. మూడో గంటకు నా మెడ ఎడమవైపు పట్టేసింది, ఎందుకంటే ట్రాక్ మీద ఎప్పుడూ ఎడమకే తిరగాలి, కుడి మలుపు అనేదే ఉండదు. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరం వేలు మొద్దుబారాయి. అవతలి వైపు దారిలో ఎదురుగాలి. రోడ్డు మీద ఎదురుగాలైతే ఊరు దాటాక మారుతుందన్న ఆశైనా ఉంటుంది. ఇక్కడ నిమిషం తిరక్కముందే మళ్ళీ అదే గాలి, అదే చోట, అదే చెంప మీద. నాలుగో గంటలో ఒకడు దిగి గడ్డి మీద పడుకుని ఇక లేవలేదు. చివరికి తేలింది 148 కి.మీ. గంటకు 25 కూడా కాదు. ష్మాల్ అదే పనిని రెండింతల సేపు, మాకంటే ఎక్కువ వేగంతో చేశాడు.

చుట్లు లెక్కపెట్టడానికి మా బావమరిదిని కూర్చోబెట్టాం. వందపేజీల నోట్‌బుక్కు, నాలుగు నిలువు గీతలు, ఐదోది అడ్డం. మధ్యలో ఎవరో ఫోన్ చేస్తే మాట్లాడుతూ ఒక చుట్టు రాశాడో లేదో తెలియకుండా పోయింది. నేను రాయలేదంటాను, వాడు రాశానంటాడు. 945, 944 అన్న అంకెలు చూసినప్పుడల్లా ఏథెన్స్‌లో లెక్క రాసినాయనకు మనసులో దండం పెట్టుకుంటాను.

"అప్పటివాళ్ళు" అంటే ఎవరు? ఇది చాలామంది పట్టించుకోని సంగతి. 1896లో మొత్తం సైక్లిస్టులు 19 మంది, ఐదు దేశాలవాళ్ళు. ప్రపంచంలో అప్పటి మేటి సైక్లిస్టులు వాళ్ళు కారు. సైకిల్ రేసుల్లో డబ్బు బాగా దొరికే కాలం అది, గట్టివాళ్ళు ప్రొఫెషనల్స్ అయిపోయారు, ఒలింపిక్స్‌లో అమెచ్యూర్లకే (డబ్బు కోసం ఆడనివాళ్ళకే) చోటు. గట్టివాళ్ళు ఏపాటివాళ్ళో తెలియాలంటే అవర్ రికార్డు చూడండి: 1893లో పారిస్ బఫలో వెలోడ్రోమ్‌లో ఆంరీ దెగ్రాంజ్ గంటలో 35.325 కి.మీ. తొక్కాడు, తర్వాత టూర్ డి ఫ్రాన్స్ మొదలుపెట్టింది ఈయనే. 1897కల్లా ఆ రికార్డు 39.240కి చేరింది. ఈరోజు మన క్లబ్బుల్లో కార్బన్ సైకిల్ మీద ఒంటరిగా గంటకు 39 తొక్కేవాళ్ళు ఎందరున్నారో మీరే లెక్కపెట్టుకోండి, నాకైతే ఒక చేతి వేళ్ళు చాలు. (ఇప్పటి రికార్డు ఫిలిప్పో గన్నాది, 2022లో 56.792. అది వేరే సైకిలు, వేరే హాలు, వేరే శాస్త్రం.)

మాసన్ కూడా ఏథెన్స్ తర్వాత ప్రొఫెషనల్ అయ్యాడు. తన పేరును తిరగేసి "నొసామ్" అని పెట్టుకుని మరీ దిగాడు. 1897లో గ్లాస్గో ప్రపంచ చాంపియన్‌షిప్ ప్రొఫెషనల్ స్ప్రింట్‌లో మూడో స్థానం. ఏథెన్స్‌లో మూడుకు మూడు గెలిచినవాడు పెద్ద బజార్లో మూడోవాడయ్యాడు. ఇది ఆయన్ని చిన్నబుచ్చడానికి చెప్పట్లేదు. ఒలింపిక్స్ స్థాయి అప్పుడు ఎంతో అర్థమవుతుందని.

"అప్పట్లో పుట్టుంటే" అన్నారు కాబట్టి ఇంకొకటి. మిమ్మల్ని రానిచ్చేవాళ్ళా అన్నది కూడా ప్రశ్నే. కీపింగ్, అతనితోపాటు రోడ్డు రేసులో మూడో స్థానంలో వచ్చిన ఎడ్వర్డ్ బ్యాటెల్, ఇద్దరూ ఏథెన్స్‌లోని బ్రిటిష్ రాయబారి కార్యాలయంలో నౌకర్లు. జీతానికి పనిచేసే నౌకర్లు పెద్దమనుషులు కాదు, అమెచ్యూర్లు ఎలా అవుతారని అక్కడున్న సాటి బ్రిటిష్ వాళ్ళే అడ్డం పడ్డారు. అయినా తొక్కారు. 944 చుట్లు తిరిగిన మనిషి ఆ కీపింగే.

100 కి.మీ. రేసు గురించి మీరు అడగలేదు కానీ చెప్పకుండా ఉండలేను. 300 చుట్లు. అందులోనూ చివరిదాకా మిగిలింది ఇద్దరే, ఫ్రాన్స్ లియోన్ ఫ్లమెంగ్, గ్రీసు యోర్గోస్ కొలెటిస్. మధ్యలో కొలెటిస్ సైకిల్ చెడిపోయింది. ఫ్లమెంగ్ తన సైకిల్ ఆపి, బాగయ్యేదాకా నిలబడ్డాడు. తర్వాత చివర్లో తనే పడ్డాడు, లేచి తొక్కి, చాలా చుట్ల తేడాతో గెలిచాడు: 3 గంటల 8 నిమిషాల 19.2 సెకన్లు. ఈ టైమ్‌లో ఆ నిలబడిన సేపు, ఆ పడిన సేపు కూడా ఉన్నాయి. స్టాప్‌వాచ్‌కు అవి తెలియవు. ఫ్లమెంగ్ తర్వాత యుద్ధ విమానాల్లో పైలట్ అయ్యి, 1917 జనవరిలో చనిపోయాడు.

పన్నెండేళ్ళ తర్వాత 1908లో అదే దూరాన్ని చార్లెస్ బార్ట్‌లెట్ 2 గంటల 41 నిమిషాల 48.6 సెకన్లలో తొక్కాడు, గంటకు 37. అక్కడ మూడో స్థానంలో వచ్చిన ఓక్తావ్ లపీజ్ రెండేళ్ళకు టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. అంటే అప్పటికి ఒలింపిక్ రేసులో నిజమైన గుంపు ఉంది, గాలిని పంచుకునేవాళ్ళు ఉన్నారు. వేగం పెరిగిందంటే మనుషుల కాళ్ళు ఒక్కసారిగా మారిపోయాయని కాదు.

ట్రాక్ కొలతలు కూడా చూసుకోండి, లేకపోతే అంకెలు మోసం చేస్తాయి. ఏథెన్స్ 333 మీటర్లు. 1900 పారిస్‌లో వాంసెన్ వెలోడ్రోమ్ 500. 1904 సెయింట్ లూయిస్‌లో మైలులో మూడో వంతు, సుమారు 536, అదీ మలుపుల్లో వాలు లేని బల్లపరుపు ట్రాక్. 1908 లండన్ వైట్ సిటీలో 660 గజాలు, 603 మీటర్లు. లోపల పరుగు పందేల ట్రాక్, దానిలోపల ఈతకొలను. లండన్‌లో "ఒక్క చుట్టు" రేసు విక్టర్ జాన్సన్ 51.2 సెకన్లలో గెలిచాడు. మాసన్ 24 పక్కన పెట్టి నవ్వేవాళ్ళను చూశాను. చుట్టు దాదాపు రెట్టింపు బాబూ.

1904 గురించి పెద్దగా చెప్పను. తొక్కినవాళ్ళంతా అమెరికన్లే, ఏడు రేసుల్లో నాలుగు మార్కస్ హర్లీ గెలిచాడు. ఇంటి పోటీలో గెలిచాడనుకుంటారేమో, నెల తర్వాత లండన్ వెళ్ళి అమెచ్యూర్ స్ప్రింట్ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 1912లో అసలు ట్రాక్ రేసులే పెట్టలేదు, రోడ్డు రేసు ఒక్కటే.

కాబట్టి మీకు నా సలహా: మాసన్ 24.0 సెకన్లతో పోల్చుకోండి, ష్మాల్‌తో కాదు. ఉస్మానియా ట్రాక్ మీద గాలి లేని పొద్దున 333 మీటర్లు కొలిచి, ఫిక్స్‌డ్ గేర్ మీద గట్టిగా తొక్కి చూడండి. నా దగ్గరకొచ్చే పదహారు, పదిహేడేళ్ళ పిల్లలకు మొదటి ఏడాది ఆ అంకె దొరకదు. 2024 పారిస్‌లో హ్యారీ లవ్రైసెన్ 200 మీటర్లు 9.088 సెకన్లలో తొక్కాడు, గంటకు 79. దాన్ని మాత్రం పక్కన పెట్టేయండి.

వెళ్తే ఒక జాగ్రత్త. ఫిక్స్‌డ్ గేర్ మొదటిసారి ఎక్కేవాళ్ళంతా చేసే తప్పు ఒకటే, చుట్టు అయిపోగానే అలవాటుగా కాళ్ళు ఆపేస్తారు. పెడల్ ఆగదు, మిమ్మల్నే పైకి ఎత్తేస్తుంది. బ్రేకులూ ఉండవు. గీత దాటాక కాళ్ళు తిప్పుతూనే మెల్లగా మలుపుల వాలు పైకి ఎక్కండి, ఎత్తుకు వెళ్ళేకొద్దీ వేగం దానంతటదే తగ్గుతుంది. ఫుల్ గ్లోవ్స్ వేసుకోండి. నేను మొదటిరోజు వేసుకోలేదు, సిమెంటు గుర్తు కుడి అరచేతిలో ఇప్పటికీ ఉంది.